చెంచా చప్పుడు

పిచ్చుక అని పేరు పెట్టింది లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆడవాళ్లే. పుట్టుమూగ పిల్లకి ఆ పేరేమిటని ఎవరూ అడగలేదు, నవ్వుకుని ఊరుకున్నారు. ఎనిమిదేళ్లది. బడి వదలగానే వచ్చి, అమ్మ ఇస్త్రీ బల్ల కింద ఊడిన గుండీలు ఏరుకుంటూ కూర్చునేది.

అమ్మ మంచిదే. కాకపోతే రోజూ జడ వేస్తూ ఒకటే పాట. "నీ నోట ఒక్కసారి అమ్మా అని వింటే చాలే, నాకింకేం అక్కర్లేదు." తనేదో తప్పు చేసినట్టు పిచ్చుక తలొంచుకునేది.

ఆరబెట్టే గదికి ఇనప తలుపు, తలుపుకి అరచేతంత అద్దం. సాయంత్రం అది బిగించి లోపలి గొట్టాల్లోకి ఆవిరి వదిలారంటే తెల్లారేదాకా తియ్యరు. అందుకే మూసేముందు మేస్త్రి మూడు కేకలు వేస్తాడు. పలకలేని పిల్ల కాబట్టి పిచ్చుక మెడలో అమ్మ దారంతో ఓ స్టీలు చెంచా కట్టింది. లోపలుంటే దాంతో గొట్టం మీద కొట్టాలి. చెంచా మోగితే తలుపు మూయరు.

ఆ సాయంత్రం వాన. "దిండు గలీబు ఒకటి తక్కువైంది, ఆరబెట్టే గదిలోంచి పట్రా నా తల్లీ," అంది అమ్మ.

లోపల దుప్పట్లు వరుసలు వరుసలుగా వేలాడుతున్నాయి. సబ్బు వాసన, దాని వెనకే ఏదో మురుగు వాసన. గలీబు చివరి వరుసలో ఉంది. అందుకోబోతుంటే పక్క దుప్పటి కింద రెండు పాదాలు కనిపించాయి. చిన్నవి. నీళ్లలో నాని తెల్లగా పాలిపోయాయి.

దుప్పటి తొలగించింది. ఎవరూ లేరు...

మెడ తడుముకుంది. దారం ఉంది. ముడి కూడా ఊడలేదు. చెంచా లేదు...

"లోపల ఎవరన్నా ఉన్నారా?" తలుపు దగ్గర మేస్త్రి మొదటి కేక.

పరుగెత్తింది. తడి దుప్పట్లు మొహానికి అంటుకుంటున్నాయి. ఒకటి తప్పిస్తే ఇంకొకటి...

"ఉన్నారా?"

మూడో కేక కూడా అయిపోయింది. పిచ్చుక చేరేసరికి తలుపు పడింది.

"పిల్లేది అన్నయ్యా?" బయట అమ్మ గొంతు.

"చెంచా మోగలేదుగా."

"ఇక్కడున్నా అమ్మా."

సన్నటి గొంతు. ఇస్త్రీపెట్టె దభాలున కింద పడింది.

"నా తల్లే... ఏదీ, మళ్లీ అను."

"అమ్మా."

పిచ్చుక తలుపు బాదింది. చేతులతో... మోకాళ్లతో...

"లోపలేదో చప్పుడు," అన్నాడు మేస్త్రి.

"గొట్టంలే మావయ్యా," అంది ఆ గొంతు.

పిచ్చుక మునివేళ్ల మీద లేచి అద్దంలోంచి చూసింది. అమ్మ నేలమీద చతికిలబడి ఎవరో పిల్లని గుండెకి అదుముకుంది. ఆ పిల్లకీ అదే గౌను, అదే జడ. జడలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ భుజం మీదుగా అమ్మ కళ్లు అద్దం వైపు తిరిగాయి.

అమ్మ చూసింది. తననే చూసింది. పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. చెయ్యి ఊపింది.

"అమ్మా," అంది ఆ పిల్ల, అమ్మ చెవిలో.

అమ్మ ఆ పిల్లని ఇంకా గట్టిగా అదుముకుంది. మెల్లిగా మొహం తిప్పేసుకుంది.

"ఆవిరి వదులు అన్నయ్యా," అంది. "పొద్దుపోతోంది. పిల్లని ఇంటికి తీసుకెళ్లాలి."

లైటు ఆరిపోయింది. గొట్టాలు బుస్సుమన్నాయి. చీకట్లో, చివరి వరుసలో, చెంచా మోగింది. టంగ్... ఎడమ పక్కన ఇంకోటి మోగింది. తర్వాత పిచ్చుక కాళ్ల దగ్గరే, మరోటి.