పిడికెడు మట్టి చేబదులు

ఆమె తన మీద అలిగే చదువు మానేసిందా? ఈ సందేహం మాస్టారిని ఏళ్ల తరబడి వదల్లేదు. దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా కోరికల కంటే ముందు ఈ ప్రశ్నే నోటికొచ్చేది.

అప్పుడు ఇద్దరూ యూనివర్సిటీలో మొదటి ఏడు. మట్టి గురించి పాఠం చెప్పే మేడమ్ బోర్డు మీద రాసేది తక్కువ. పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి, "నేను చెప్తే మర్చిపోతారు. చేతులతో కనుక్కోండి, ఒకరితో ఒకరు పోట్లాడండి," అనేవారు. ఎవరింటి మట్టి వాళ్లు తేవాలి. ఒకరు కళ్లు మూసుకుంటే రెండోవాళ్లు తడిమట్టి అరచేతిలో పెడతారు. వేళ్లతో నలిపి అదేం మట్టో, ఎందుకో చెప్పాలి.

అతని జంట ఆమె. వాదన పట్టుకుంటే వదలదని అతను పెట్టిన పేరు బంకమట్టి.

ఆ రోజు అతను చేతులూపుకుంటూ వచ్చాడు.

"మట్టేదీ?"

"మర్చిపోయా."

"తల మర్చిపోలేదు, సంతోషం." తన పొట్లంలో సగం అతని ముందు పోసింది. "ఇది చేబదులు. మీ ఇంటి మట్టి పిడికెడు తెచ్చిచ్చేదాకా నిన్ను వదల్ను."

"వదలకపోతేనే మంచిది," అన్నాడతను మెల్లగా.

వినబడనట్టు ఆమె కిటికీలోంచి వాన చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆమె వంతు వచ్చింది. కళ్లు మూసుకుంది. ఆటపట్టిద్దామని అతను ఆమె ఇచ్చిన మట్టినే తడిపి ఆమె చేతిలో పెట్టాడు. చాలాసేపు నలిపింది.

"ఇసక," అంది.

అది వేళ్లని పట్టుకుని సాగుతున్న అచ్చమైన బంకమన్ను.

"హవ్వ! బంకమట్టి తన ఇంటి మట్టినే పోల్చుకోలేదు!"

క్లాసంతా గొల్లుమంది. ఆమె కళ్లు తెరిచి మట్టి వైపు కాదు, తన వేళ్ల వైపు చూసుకుంది. చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఇల్లు వెతుక్కుంటూ వెళ్తే తలుపుకి తాళం.

ఇప్పుడు అదే గదిలో అదే పాఠం అతను చెబుతున్నాడు, అలాగే జంటలతో. పెళ్లి మాటెత్తిన వాళ్లకల్లా "చూద్దాం" అని చెప్పి చెప్పి, చివరికి అడిగేవాళ్లే లేకుండా పోయారు.

ఈ ఏడు చేరిన ఒకమ్మాయి పొడిమట్టిని చెవి దగ్గర పెట్టుకుని నలుపుతోంది.

"ఏంటమ్మా, మట్టితో ఫోన్ మాట్లాడుతున్నావా?"

"ఇసకైతే కరకరమంటుంది సార్. బంకైతే నోరు మెదపదు. మా మేనత్త నేర్పింది."

"ఆవిడ టీచరా?"

"కాదు సార్. ఇక్కడే చదువుతూ మానేసింది. నరాల జబ్బు. మొదట వేళ్లకి స్పర్శ పోయింది. సొంత ఇంటి మట్టే చేతిలో పెడితే పోల్చుకోలేకపోయిందట. తనకి తెలిసింది అప్పుడే."

మాస్టారు వాళ్లింటి చిరునామా అడిగి రాసుకున్నాడు.

మర్నాడు తుంపరలో, తన పెరటి మట్టి పిడికెడు రుమాల్లో మూటకట్టుకుని వాళ్ల తలుపు తట్టాడు. ఆ అమ్మాయి తండ్రి తీశాడు. మాస్టారు తన పేరు చెప్పాడు.

"మీరేనా? రండి, రండి. మా చెల్లెలు మిమ్మల్ని తిట్టని రోజు లేదు," అంటూనే కళ్లు తుడుచుకున్నాడు.

ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి, ఎవరివో అక్కడ పెట్టి మర్చిపోయినట్టు.

"నా మీద కోపంతో వెళ్లావనుకున్నా."

"కోపమా! చెప్తే వెంటపడేవాడివి. ఈ చేతులు పట్టుకుని ఏం బాగుపడతావు?"

"ఇప్పుడైనా పట్టుకుంటా."

"పట్టుకున్నా నాకు తెలీదు."

ఇచ్చిన స్పర్శని దేవుడు మళ్లీ ఎందుకు తీసుకున్నాడో అతనికి అర్థం కాలేదు. రుమాలు విప్పి, చిటికెడు మట్టి ఆమె చెవి దగ్గర నలిపాడు.

ఆమె కళ్లు మూసుకుంది. కరకర.

"ఇసక."

"ఈసారి కరెక్టే."

ఆమె చెంపలు తడిశాయి. "చిటికెడేనా? నేనిచ్చింది పిడికెడు."

అతను ఆమె అరచేయి తెరిచి, మిగతా మట్టంతా పోసి, వేళ్లు ఒక్కొక్కటే మూసి, ఆ పిడికిలిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

ఆమెకు తెలియలేదు. అందుకే కళ్లు తెరిచి చూసింది.