టిక్కెట్టు కొన్న అమ్మ

పొద్దున్నే తోట గేటు తీసి కూతురు టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చుంది. మొదటి బస్సులో వచ్చిన సందర్శకులు టోపీలు సర్దుకుంటూ, దోమల మందు రాసుకుంటూ వరసగా నిలబడ్డారు. వాళ్ళందరి చివరా అమ్మ. ఇస్త్రీ బట్టలు, కొత్త చెప్పులు, భుజాన సంచీ.

"ఒక టిక్కెట్టు," అంది అమ్మ, కిటికీలో నోటు పెట్టి.

"ఏంటమ్మా ఈ వేళాకోళం? వెనిలా పూలు విచ్చుకుని ఉంటాయి, లోపలికెళ్ళు."

"తోట చూడ్డానికొచ్చాను. చిల్లర ఇయ్యి."

కూతురు నవ్వబోయి ఆగిపోయింది. అమ్మ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. గేటు మీది కొత్త బోర్డు వంక చూడటం, చూపు తిప్పేసుకోవడం, మళ్ళీ చూడటం. నిన్న సాయంత్రం కూతురే పెట్టించింది దాన్ని. నాన్న నిలువెత్తు ఫొటో, కింద 'ఒక్కడి చేతుల మీద పెరిగిన వనం' అని పెద్ద అక్షరాలు.

ఒక్కడి చేతుల మీదట! తీగ ముక్కలూ విత్తనాలూ ఊళ్ళు తిరిగి తెచ్చింది ఆయనే, కాదనలేం. తెచ్చి వరండాలో పడేసి, వచ్చేపోయేవాళ్ళకి కబుర్లు చెబుతూ కూర్చున్నాడు. చంటిపిల్లని వీపున కట్టుకుని గోతులు తవ్విందీ, నీళ్ళు మోసిందీ, ఆకు తిప్పి తిప్పి పురుగులు ఏరిందీ అమ్మ. ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతేగా అని ఎవరూ చెప్పరు. ఇళ్ళల్లో దోపిడీ ఇలాగే జరుగుతుంది, దానికి కత్తులక్కర్లేదు.

కూతురు అందర్నీ వెంటబెట్టుకుని బయల్దేరింది. "ఈ జాజికాయ చెట్టు మా నాన్న నాటిందండీ."

"ఎవరూ? సరిగ్గా వినపళ్ళేదు," అంది వెనకనించి అమ్మ.

"నాన్న..."

"ఓహో."

ప్రతి చెట్టు దగ్గరా ఇదే తంతు. వెనిలా పందిరి చేరేసరికి కూతురి గొంతు తడబడుతోంది. అక్కడ అడ్డంగా కట్టిన తాడుకి అవతల నాన్న రోజూలాగే చేతులు వెనక్కి కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఈ పువ్వులో పుప్పొడి కలిపే తేనెటీగ మన దగ్గర లేదు," మొదలుపెట్టాడు. "మనిషే ఒక్కో పువ్వునీ చేత్తో కలపాలి. మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఇవాళ తప్పితే ఆ కాయ ఇక లేనట్టే!"

"ఒకటి చేసి చూపించండి," అన్నాడు జనంలోంచి ఒక కళ్ళద్దాలాయన.

ఇన్నాళ్ళూ ఆ గొడవ లేదు. జనం వచ్చేలోపే అమ్మ పూలన్నీ ముగించేసేది. ఇవాళ ఒక్క పువ్వునీ ముట్టుకోలేదు. నాన్న వెదురు పుల్ల తీసుకున్నాడు. మొదటి పువ్వు నిలువునా చిరిగింది. రెండోది కాడతో సహా చేతిలోకొచ్చింది. ఎవరో దగ్గారు.

"ఏమే, అలా చూస్తావేం? రా!"

"తాడు దాటకూడదు, మొక్కల్ని ముట్టుకోకూడదు అని రాసుందిగా. టిక్కెట్టు కొన్నదాన్ని, తప్పు కదండీ?"

జనం గొల్లుమన్నారు. కూతురు అమ్మని భుజం పట్టుకుని పక్కకి లాగింది.

"అందరి ముందూ పరువు తీస్తున్నావు!"

"ఎవరి పరువే? నేనేమైనా ఆ బోర్డు మీదున్నానా, పోవడానికి?"

"ఒక్కమాట అడిగుంటే నీ పేరూ రాయించేదాన్నిగా!"

"మీ నాన్న అడిగాడా?"

కూతురు పందిరి వంక చూసింది. "ఎండెక్కుతోందమ్మా... పూలన్నీ పోతాయి."

"నాకు తెలీదా? నా చేతులు నన్ను లాక్కుపోతున్నాయే అటు! ఆగవని సంచీలో పెట్టుకున్నాను, చూడు."

కూతురు చూసింది. సంచీలో రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కుడి బొటనవేలు అరిగి నున్నగా ఉంది. చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే ఈ తోటంతా తిరిగింది. ఎందుకు అరిగిందో ఒక్కనాడూ అడగలేదు. కళ్ళు మసకబారాయి.

ఇంతలో నాన్న గొంతు వినిపించింది, కబుర్ల గొంతు కాదు.

"నాకు రాదండీ. ఎప్పుడూ చెయ్యలేదు. చేసేదంతా ఆవిడే. ఈ తోట మొత్తం ఆవిడే చేసింది. నేను చెప్పుకు తిరిగానంతే." పుల్ల పక్కన పెట్టి కూతురి వైపు తిరిగాడు. "ఆ బోర్డు పీకించెయ్యవే తల్లీ."

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. తాడు మాత్రం దాటలేదు. అంచున నిలబడి గట్టిగా అంది, "ఇద్దరూ తలో పుల్లా తీసుకోండి. లోపల సన్నటి పొర ఉంటుంది, దాన్ని పైకెత్తండి. చింపకండి! ఇప్పుడు బొటనవేలితో మెల్లిగా అదమండి. అబ్బబ్బ, పిండి పిసుకుతున్నారా ఏంటండీ? మెల్లిగా!"

"అయిందా?" అన్నాడు నాన్న, చెమట కారుతుంటే.

"రేపటికి రాలకపోతే అయినట్టు. ఊఁ, తర్వాతది పట్టండి." అని అమ్మ వెనుదిరిగింది.

"ఎక్కడికే?"

"కలువల కొలనుకి. టిక్కెట్టు సాయంత్రం దాకా ఉంది."

కొలను గట్టున బెంచీ ఉంది. ఏటా దానికి రంగు వేసేది ఆవిడే, ఒక్కసారీ కూర్చున్నది లేదు. కూర్చుంది. లేచింది, మళ్ళీ కూర్చుంది. పందిరి వైపునించి కూతురి గొంతు వినిపించింది, రెండో బస్సువాళ్ళకి చెబుతోంది.

"ఇది మా అమ్మ నాటిందండీ. ఆ జాజికాయ చెట్టు కూడా."

"ఆవిడ లేరా?" ఎవరో అడిగారు.

"ఉంది. ఇవాళ సెలవు. తోట చూడ్డానికొచ్చింది."

అమ్మ చేతులు సంచీలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అవి కాసేపు అటూ ఇటూ కదిలాయి. తర్వాత ఊరుకున్నాయి.