తాళాలాయన గడ్డి కొట్టం

ఆ గడ్డి కొట్టానికి మంచి పేరు లేదు.

పొలం చివర, పల్లం దాటాక, ఒక బోడి మిట్ట మీద ఒంటరిగా ఉంటుంది. పగలు చూస్తే అందులో ఏముంది? పలకల గోడలు, రేకుల కప్పు, అంతే. చీకటి పడ్డాక మాత్రం ఆ దారిన పోయేవాళ్ళు కబుర్లు ఆపేసి నడక పెంచుతారు. లోపల ఎవరో ఊపిరి తీస్తుంటారట... నిద్రపోతున్న ముసలివాడిలా, బరువుగా, ఆగి ఆగి.

ఒకప్పుడు అదే చోట ఇంకో కొట్టం ఉండేది. ఒక రాత్రి అది దానంతటదే అంటుకుంది. దీపం లేదు, గాలి లేదు, పిడుగు లేదు. లోపల పడుకున్న కాపలా ముసలాయన మాత్రం ఉన్నాడు. తెల్లారేసరికి ఆయనా లేడు.

నాకీ సంగతి చెప్పిన పెద్దమనిషి చీకట్లో కూర్చుని తాపీగా చెప్పాడు. నేను ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసుకుని, వీపు గోడకి ఆనించి రాస్తున్నాను. నా ధైర్యం అంతవరకే.

ఆ బూడిద మిట్ట మీద కొత్త కొట్టం కట్టినవాడు తాళాలాయన. అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది, ఎవరూ వాడరు. నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడుతూ, ఆయనకంటే ముందు ఆయన చప్పుడు వచ్చేది. డీజిల్ గదికి తాళం. పనిముట్ల పెట్టెకి తాళం. గ్రీజు డబ్బా దాచిన బీరువాకి తాళం. గడ్డి కోసే మిషను పని కాగానే కత్తులు విప్పి, తుడిచి, నూనె రాసి, తన మంచం కిందే పెట్టుకునేవాడు. డీజిల్ ఎంతుందో డబ్బా మీద సుద్దతో గీత గీసేవాడు. ఆ గీతని ఎవరైనా చెరిపి కిందికి గీస్తారేమోనని అటు పక్క ఇంకో దొంగ గీత గీసేవాడు. ఆనక ఏది అసలు గీతో తనకే తెలిసేది కాదు.

"పోయి పోయి దెయ్యాల మిట్ట మీద కట్టావేమయ్యా?" అని ఎవరైనా అడిగితే, "దెయ్యం డీజిల్ తాగదు కదా" అనేవాడు. ఆయనకి దెయ్యాల మీద నమ్మకం లేదు. మనుషుల మీద అసలే లేదు.

ఆ ఏడు గడ్డి ఏపుగా పెరిగింది. కోసి పరిచారు, తిరగేశారు, బారులుగా లాగారు. భార్య తమ్ముడు ఆయనతో పాటే పొలం పని చేసేవాడు. అతను ఒక గుప్పెడు గడ్డి తీసి, మెలిపెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"బావా, కణుపుల్లో ఇంకా పచ్చి ఉంది. ఇంకో ఎండ తగలనీ."

"మబ్బు పడుతోంది కనిపించడంలా?"

"తడిస్తే మళ్ళీ ఆరబెట్టుకుంటాం. పచ్చిది కట్టి పేర్చేస్తే అది లోపల..."

"కట్టలు కట్టే మిషను రేపు పక్క పొలం వాడికి ఇచ్చెయ్యాలి. వాడు నీ స్నేహితుడు. ఇవాళ నన్ను ఆపి మిషను వాడికి ముందు ఇప్పిద్దామనేగా నీ ఎత్తు?"

బావమరిది గుప్పెట్లో గడ్డి కింద పడేశాడు.

ఆ గడ్డి మామూలు గడ్డి కాదు. మళ్ళీ పచ్చిక మొలిచేదాకా ఆవులకి అదే తిండి. అది పోయిందా, ఆవుల్ని తోలుకుపోయి అమ్ముకోవడమే. అందుకే తాళాలాయన కట్టలన్నీ కప్పు అంటేలా దొంతర పేర్పించి, పై కట్ట ఎంత ఎత్తున ఉందో స్తంభం మీద సుద్ద గీత గీసి, తలుపుకి తన దగ్గరున్న వాటిలో పెద్ద తాళం వేశాడు.

మర్నాడు తలుపు తీసి చూస్తే... దొంతర గీత కిందికి దిగి ఉంది.

ఆ మర్నాడు ఇంకాస్త దిగింది.

తాళం వేసింది వేసినట్టే ఉంది. పలకలు ఊడలేదు. గడ్డి మాత్రం తగ్గుతోంది!

"తాళం వేసిన కొట్టంలోకి దొంగ ఎలా దూరతాడండీ?" అంది భార్య.

"మీ తమ్ముడు ఎందులోనైనా దూరతాడు."

ఆ మాట తమ్ముడి ముందే అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. "ఇకమీదట కొట్టం ఛాయల్లో కనిపించావంటే కాళ్ళు విరగ్గొడతా" అని కూడా అన్నాడు. బావమరిది కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ పూట మొగుడితో మాట్లాడలేదు. తాళాలాయన దానికి కూడా ఒక కారణం ఊహించుకున్నాడు — అక్కాతమ్ముళ్ళు కూడబలుక్కున్నారని.

ఆ రాత్రి దొంగని పట్టాలని బయల్దేరాడు.

"నేను లోపల కూర్చుంటాను. నువ్వు బయట తాళం నొక్కేసి ఇంటికి పోయి పడుకో. తాళం లేకపోతే దొంగకి అనుమానం వస్తుంది."

"తాళంచెవి?"

"అది నీకెందుకూ?"

ఆవిడ మొగుణ్ణి ఒకసారి ఎగాదిగా చూసింది. తాళం నొక్కింది. టక్. అడుగుల చప్పుడు పల్లం వైపు వెళ్ళిపోయింది.

తాళాలాయన చీకట్లో తడుముకుంటూ కట్టలెక్కి, వెనక గోడ పక్కన సందు చూసుకుని కూర్చున్నాడు. బయట చలి. లోపల మాత్రం... వెచ్చగా ఉంది. మొదట హాయిగానే అనిపించింది. మంచి చోటే దొరికిందనుకున్నాడు.

కాసేపటికి వాసన తెలిసింది. తియ్యటి వాసన. బెల్లం అడుగంటినట్టు. చుట్ట కాల్చినట్టు.

ఎవరు కాలుస్తారిక్కడ?

చెవులు రిక్కించాడు. దొంతర లోపల్నుంచి, ఎక్కడో అడుగున... ఉస్స్... అంది. ఆగింది. మళ్ళీ... ఉస్స్...

రేకుల సందులోంచి పడ్డ వెన్నెల్లో తెల్లగా ఏదో లేచింది. మెల్లగా లేచి, ఒంగి, కప్పు దాకా సాగి కరిగిపోయింది. ఎడమ పక్క వేడి ఎక్కువైంది — ఎవరో వచ్చి ఆనుకుని కూర్చున్నట్టు. తాళాలాయన అటు తల తిప్పలేదు. తిప్పితే ఏం కనిపిస్తుందోనని కాదట. మెడ పట్టేసిందట. ఆయన తర్వాత అలాగే చెప్పుకున్నాడు.

అప్పుడు బయట అడుగులు.

గోడ వెనక ఆగాయి. పలకల సందులోంచి సన్నగా ఒక ఇనప ఊచ లోపలికి దిగింది. గడ్డిని చీల్చుకుంటూ సర్ర్... సర్ర్... ఆయన తొడ వైపే వస్తోంది. జరగడానికి చోటు లేదు. అరిస్తే దొంగ పారిపోతాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని కళ్ళు మూసుకున్నాడు.

జానెడు దూరంలో ఊచ టక్కున ఆగింది.

మెల్లగా వెనక్కి పోయింది. ఆ తర్వాత గుసగుస.

"ఉడుకుతోంది... అమ్మో, ఉడుకుతోంది..."

తాళాలాయన సందులోకి ఇంకా ముడుచుకున్నాడు.

"లే... బయటికి రా..."

రాను, అనుకున్నాడు. చచ్చినా రాను.

"బావా... వినపడుతోందా?"

ఒక్క క్షణం పట్టింది. దెయ్యానికీ తనకీ చుట్టరికం లేదు. తనని బావా అని పిలిచేవాడు లోకంలో ఒక్కడే! పలకల సందులోంచి తడుముతూ లోపలికి వచ్చిన చెయ్యిని గబుక్కున పట్టుకున్నాడు. తువ్వాలు ఉమ్మేశాడు.

"దొరికావురా దొంగా!"

"దొంగతనం సంగతి పొద్దున్న చూద్దువుగానీ. కట్టల మధ్యకి చెయ్యి పోనిచ్చి చూడు."

"ఎందుకు? నేను అటు తిరగ్గానే చెయ్యి లాక్కుందామనా?"

"బావా! నువ్వు కూర్చున్నది గడ్డి మీద కాదు, కుంపటి మీద!"

తాళాలాయన చెయ్యి పోనిచ్చాడు. కెవ్వుమని వెనక్కి తీశాడు.

"పచ్చి గడ్డి లోపల మగ్గి వేడెక్కుతుంది. మగ్గుతూ కుంగుతుంది. నీ సుద్ద గీత దిగింది అందుకే. నేను రోజూ దొంగచాటుగా ఊచ గుచ్చి చూస్తున్నా. నిన్నటి దాకా ఊచ కొసని చేత్తో పట్టుకోగలిగా. ఇవాళ పట్టుకోలేకపోయా. ఏ క్షణాన అయినా అంటుకుంటుంది. తలుపు తియ్యి."

"బయట తాళం వేసుంది."

"తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"...నా దగ్గరే."

బయట పలక మీద నుదురు కొట్టుకున్న చప్పుడైంది.

"అంటే నువ్వు లోపల, తాళం బయట, తాళంచెవి లోపల."

"దొంగకి అనుమానం రాకూడదని..."

"ఇలా ఇచ్చెయ్."

తాళాలాయన గుత్తి తీశాడు. చీకట్లో వేళ్ళతో వెతకడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"కొట్టానిది ఒక్కటే విడదీస్తున్నా. ఇందులో డీజిల్ గదిది కూడా ఉందిరా..."

"మొత్తం ఇచ్చెయ్!"

కింద ఎక్కడో చిటపటమంది. పొగ గొంతులో పడింది. తాళాలాయన జీవితంలో మొదటిసారి గుత్తి మొత్తం ఇంకో మనిషి చేతిలో పెట్టాడు. చెయ్యి సందులోంచి మాయమైంది. అడుగులు దూరమయ్యాయి.

ఎటు పోతున్నాడు? తలుపు వైపేనా? ఇంటి వైపా? డీజిల్ గది వైపా? కంచం ముందు నుంచి లేచి వెళ్ళిన మొహం గుర్తొచ్చింది. వాడి చోట తనుంటే ఏం చేసేవాడు? ఆ ప్రశ్నకి జవాబు తెలిసినందుకు ఆయనకి పొగ కంటే ఎక్కువ భయం వేసింది.

తలుపు దగ్గర గలగలమంది. ఒక తాళంచెవి పెట్టిన చప్పుడు... పట్టలేదు. ఇంకొకటి... పట్టలేదు. తాళాలాయన దగ్గుకుంటూ దొర్లుకుంటూ తలుపు దాకా వచ్చి పడ్డాడు. తను చేయించుకున్న తాళాలన్నింటినీ పేరుపేరునా తిట్టుకున్నాడు. ఇంకొకటి... ఇంకొకటి...

టక్.

గాలి వచ్చి మొహాన కొట్టింది.

"అక్కా! బకెట్లు!" అని బావమరిది కేకేశాడు. ఆవిడ పల్లం దాటి పరుగెత్తుకొచ్చింది. ముగ్గురూ కొక్కేలతో కట్టలు లాగి మిట్ట మీదికి విసిరారు. నీళ్ళు పోస్తూ ఒక్కో వరసా జాగ్రత్తగా విప్పారు. నడి దొంతరలో కట్టలు బొగ్గయిపోయి ఉన్నాయి. గాలి తగలగానే ఒకటి ఎర్రగా కన్ను తెరిచింది. ఆవిడ దాని మీద బకెట్ బోర్లించింది. బుస్సుమని ఆరిపోయింది.

తెల్లారేసరికి మిట్ట నిండా గడ్డి. పోయింది పోగా ఆవులకి సరిపడా మిగిలింది.

ముగ్గురూ మసి మొహాలతో కట్టల మీద కూలబడ్డారు. తాళాలాయన మెడలో తువ్వాలు తీసి ఒళ్ళో వేసుకున్నాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఒరేయ్... నిన్ను దొంగ అన్నాను కదూ."

"అన్నావు."

"ఇంకోసారి అంటే ఆ ఊచతోనే పొడు."

"రాత్రే పొడిచేసేవాణ్ణి బావా, తెలీక. నువ్వు ఆపమన్నావు కాబట్టి సరిపోయింది."

"నేనెప్పుడు ఆపమన్నాను?"

"అదేంటి... ఊచ దించుతుంటే అన్నావుగా. 'మెల్లగా... ఇక్కడ మనిషున్నాడు' అని. అప్పుడేగా నువ్వు లోపలున్నావని నాకు తెలిసింది."

తాళాలాయన ఒళ్ళో తువ్వాలు ఉంది. దాని నిండా పంటి గాట్లు.

"నేను నోరే తెరవలేదురా."

బావమరిది నవ్వబోయి ఆగిపోయాడు. అక్క వైపు చూశాడు. కొట్టం వైపు చూశాడు.

"రెండుసార్లు అన్నావు బావా..." అన్నాడు మెల్లగా. "పొగకి గొంతు అలా ముసలిగా అయిపోయిందేమో అనుకున్నా."