స్టాక్ లేదు

ముందు మారుతీ వ్యాన్. వెనక పల్సర్ మీద పోలరాజు.

చీకటి పడి ఎంతోసేపు కాలేదు. సన్నగా వాన. హెల్మెట్ లేదు. చినుకులు కళ్లలో కొడుతున్నాయి. అయినా యాక్సిలరేటర్ వదలడం లేదు.

వ్యాన్ వెనక సీట్లో, చేతులు కట్టేసి, జోగారావు ఉన్నాడు.

పోలరాజుకి తోడల్లుడు. అక్క అప్పలలక్ష్మి పోలరాజు భార్య. చెల్లెలు సాయిదుర్గ జోగారావు భార్య.

నడుపుతున్నవాడు రాఘవేందర్. వాడి దగ్గర పిస్టల్ ఉంది. లాలాగూడ రైల్వే క్వార్టర్ల వెనక జోగారావుని వ్యాన్‌లోకి తోస్తున్నప్పుడు పోలరాజు కళ్లారా చూశాడు.

ఇప్పుడు జోగారావు చస్తే...

చంపింది పోలరాజే!

ఒక్క ఫోన్ కాల్‌తో.

అంతా కొడుకు అడిగిన ఒక గేమ్ కన్సోల్ కోసం. ఊరంతా దాని కోసమే తిరుగుతోంది. పార్క్‌లేన్‌లో ఏ షాపుకెళ్లినా ఒకటే మాట. "స్టాక్ లేదు సార్. వచ్చే నెల." ఆ వచ్చే నెల రావడమే లేదు. పోలరాజు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్. ఆఫీసులో అందరూ సార్ అంటారు. ఇంట్లో మాత్రం కొడుకు అడిగింది తేలేని నాన్న.

అసలు మంట అది కాదు.

కారు ముందు కొన్నది జోగారావు. ఫ్లాట్ ముందు కొన్నది జోగారావు. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో గోడౌన్ చూసుకునేవాడు! చిలకలగూడలో అత్తారింటికి ఇద్దరూ కలిసి వెళ్తే, మామగారు లేచి కుర్చీ వేసేది అతనికే. "మా చిన్నల్లుడు" అంటున్నప్పుడు ఆయన గొంతే మారిపోతుంది. పోలరాజు నవ్వుతూ కాఫీ తాగుతాడు. ఆ ఇంట్లో కాఫీ అతనికి ఎప్పుడూ చేదే.

ఇవాళ మధ్యాహ్నం, ఆఫీసులో ఒకతను ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాడు. బ్లాక్‌లో అమ్ముతాడట.

"ఒక్కటే పీస్ ఉందన్నా," అన్నాడు రాఘవేందర్. "గది సుత మాట అయిపోయింది. సాయంత్రం లాలాగూడకు ఒకాయన వస్తుండు. తెల్ల శాంత్రో, చేతికి రాగి కడియం. మీ శ్రీకాకుళం మాటనే."

రాగి కడియం. తెల్ల శాంత్రో.

ఇది కూడా జోగారావుకేనా?

ఆలోచించేలోపే నోరు జారింది.

"ఆయన పోలీసుల మనిషి బ్రదర్. ఆ పీస్ నాకివ్వు."

అవతల రాఘవేందర్ గొంతు తగ్గించాడు.

"మంచి మాట చెప్పినవ్ అన్నా."

బేరం చెడుతుందనుకున్నాడు, అంతే. ఆ కన్సోల్ తెచ్చుకుందామని లాలాగూడ వెళ్లాడు. మనిషినే ఎత్తుకుపోతారని అనుకోలేదు!

ఇప్పుడు వ్యాన్ కార్ఖానా దాటింది. తిరుమలగిరి దాటింది. వ్యాన్ ఒక లారీని రాసుకుంటూ దూసుకుపోయింది. పల్సర్ వెనక చక్రం జారింది... బూటు రోడ్డుకి గీసుకుంది... పడలేదు.

వదిలెయ్. ఇంటికెళ్లిపో. ఎవరికీ తెలీదు.

తన లోపలి గొంతే. ఒక్క క్షణం బండి నెమ్మదించింది. చిన్నల్లుడు లేని అత్తారిల్లు కళ్లముందు కదిలింది.

ఛీ!

మళ్లీ యాక్సిలరేటర్ బలంగా తిప్పాడు.

బొల్లారం రైల్వే గేటు. పడుతోంది. వ్యాన్ ఆగింది. పోలరాజు పల్సర్‌ని దానికి అడ్డంగా పెట్టి దిగాడు.

రాఘవేందర్ కూడా దిగాడు. చేతిలో పిస్టల్.

"ఏందన్నా గిట్ల వెంటబడ్డవ్? నువ్వెవరో నాకు ఎరుక లేదు. జెర ఇంటికి పో."

"అతన్ని వదిలెయ్. అతను పోలీసుల మనిషి కాదు."

"ఫోన్‌ల గట్లనే చెప్పిండ్రు గదా."

"ఆ ఫోన్ చేసింది నేనే. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

వ్యాన్ కిటికీలోంచి జోగారావు చూస్తున్నాడు. వింటున్నాడు.

"కుళ్లు," అన్నాడు పోలరాజు. "వాడు మా తోడల్లుడు. వాడికి దొరికి నాకు దొరక్కపోతే తట్టుకోలేకపోయాను."

రాఘవేందర్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆగకుండా నవ్వాడు. పిస్టల్ కిందికి వాలింది.

ధన్‌మని వ్యాన్ తలుపు తెరుచుకుంది!

కట్టిన చేతులతోనే జోగారావు వాడి మీదికి దూకాడు. వాడి తల గేటు స్తంభానికి కొట్టుకుంది. పిస్టల్ ఎగిరి పోలరాజు కాళ్ల దగ్గర పడింది.

"తియ్యండి అన్నయ్యా. వాడికి గురిపెట్టండి."

తీశాడు. చల్లగా ఉంది. బరువుగా ఉంది. రాఘవేందర్ లేవలేక మోకాళ్ల మీద కూలబడ్డాడు.

జోగారావు రొప్పుతున్నాడు. "వీడికందిన మాట నిజమే అన్నయ్యా. నేను పోలీసుల మనిషినే."

"ఏటి?"

"మా కంపెనీ లారీలో వస్తున్న కన్సోళ్ల లోడు దోచింది వీళ్లే. డ్రైవర్ పేతురుని చావగొట్టారు. పాపం, ఇంకా స్పృహ లేదు. కొనడానికొచ్చినట్టు నటించమని ఇన్‌స్పెక్టర్ అడిగితే ఒప్పుకున్నాను. పోలీసులు లాలాగూడలో కాపు కాశారు. వీడు వేరే సందులోంచి తప్పించుకున్నాడు. ఎవడో ముందే చెప్పేశాడు వీడికి."

పోలరాజు పిస్టల్ పట్టు సర్దుకున్నాడు.

తనాడిన అబద్ధం నిజం!

"మీరు రాకపోతే ఇవాళ నేను లేను," జోగారావు కళ్లు తడిగా ఉన్నాయి. "ఎంత కథ అల్లారు అన్నయ్యా. కుళ్లు అన్నప్పుడు నేనే నమ్మేశాను. మామయ్యగారికి చెప్పాలి. అందరికీ చెప్పాలి."

పోలరాజు ఛాతీ నిండిపోయింది. ఇన్నేళ్లకి ఒక్కసారి, అతని గురించి చెబుతారు. అతని పేరు. అదీ జోగారావు నోటితో.

దూరంగా పోలీసు సైరన్. గూడ్సు బండి ఇంజను గేటు దాటింది. పెట్టెలు దడదడలాడుతున్నాయి.

కింద రాఘవేందర్ నవ్వుతున్నాడు. పళ్ల మధ్య నెత్తురు.

"కథ కాదు సార్," జోగారావు వైపు చూస్తూ అరిచాడు. "ఫోన్ చేసింది నిజంగనే గీ అన్న. నా సెల్లుల నంబర్ సుత ఉం..."

ఢాం!

రాఘవేందర్ పక్కకి ఒరిగాడు. మళ్లీ కదల్లేదు.

"మీదికి రాబోయాడు," అన్నాడు పోలరాజు. అది తన గొంతులా లేదు. "నువ్వు చూశావు కదా."

జోగారావు శవాన్ని చూశాడు. పోలరాజుని చూశాడు. ఆ మొహంలో కృతజ్ఞత మెల్లగా ఆరిపోతోంది.

ఒకడుగు వెనక్కి వేశాడు. చేతులింకా కట్టే ఉన్నాయి.

సైరన్ దగ్గరవుతోంది. జీపు ఇంకా మలుపు తిరగలేదు.

పోలరాజు అప్పుడు గమనించాడు... తన చేతిలోని పిస్టల్ ఇప్పుడు జోగారావు వైపు తిరిగి ఉంది.