నెలకోసారి రాజమండ్రి

రాత్రి కురిసిన వానకి పెరట్లోని నందివర్ధనం ఇంకా తడిగానే ఉంది. చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి చెరకు మడ్డి వాసన గాలిలో తేలి వస్తోంది. రూతు వంటింటి గడప మీద కూర్చుని, షుగరు మాత్రని కత్తి మొనతో రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క మింగి, రెండో ముక్కని కాగితంలో చుట్టి డబ్బాలో దాచింది.

"సగం మాత్రకి సగం జబ్బే తగ్గుద్ది," అన్నాడు వీరాస్వామి, వీధి అరుగు మీద నుంచి.

"మిగతా సగం మీ మాటలకి తగ్గుతుందిలెండి. బజారుకేనా? కందిపప్పు, చింతపండు, అగ్గిపెట్టె."

"కందిపప్పు, చింతపండు, అగ్గిపెట్టె," అని అతను తిరిగి చెప్పాడు.

అది అతని ఉద్యోగం నేర్పిన అలవాటు. సామర్లకోట జంక్షన్ కేబిన్‌లో రైళ్ళకి దారి మార్చే లీవర్లు లాగి, లాగి, అక్కడే తల నెరిసిన మనిషి. స్టేషన్ మాస్టరు ఫోనులో చెప్పిన మాటని పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అవతలి నుంచి 'సరే' అని వినిపించాలి. అప్పుడే లీవరు మీద చెయ్యి పడాలి. క్యారియరు పట్టుకుని కేబిన్ మెట్లెక్కి వచ్చే కూతురు కూడా, నాన్న పక్కన నిలబడి ఆ మాటలే వల్లించేది. "రిపీట్ చేస్తున్నానండి," అని గొంతు మార్చి మరీ పలికేది. రిటైరైన తర్వాత ఫోను పోయింది, కేబిన్ పోయింది, అలవాటు నాలుక మీద మిగిలింది. ఆ ఇంట్లో ఎవరేమన్నా అతను తిరిగి చెబుతాడు, ఒక్క మాట తప్ప. ప్రిస్కిల్లా అన్న ఆ కూతురి పేరు మాత్రం అతని నోట రాదు.

కాఫీ వేళకి అప్పారావు వచ్చాడు. రిటైరైన గార్డు, ఇప్పుడు పెన్షనర్ల సంఘానికి పెద్ద.

"వీరాస్వామిగారూ, రైల్వే వైద్య పథకంలో రిటైరైనప్పుడు చేరనివాళ్ళకి మళ్ళీ అవకాశం ఇచ్చారండి. ఈ శుక్రవారంతో సరి. ఒకసారి కట్టేస్తే బతికున్నన్నాళ్ళూ ఇద్దరికీ మందులు వాళ్ళే ఇస్తారు."

"అప్పుడే వద్దన్నాను కదండీ."

"అప్పుడు మీరు రాళ్ళు తిని అరిగించుకునేవారు. ఇప్పుడు ఇడ్లీ తినడానికీ ఆలోచిస్తున్నారు."

వీరాస్వామి నవ్వలేదు. "పెన్షన్‌లో మందుల కోసమని కొంత వస్తూనే ఉంది. చేరితే అది ఆగిపోద్ది. కట్టేదేమో నెల జీతమంత. ఇంకెన్నాళ్ళుంటామో దేవుడికి తెలియాలి. మందుల షాపు వీధి చివరే ఉందాయె."

"నేనూ ఇలాగే లెక్కలేశానండి. గుండె పట్టుకున్నాక లెక్కలు మర్చిపోయాను. ఇప్పుడు నెలనెలా సంచితో తెచ్చుకుంటున్నాను."

"చేరదామండి," అంది రూతు, తలుపు చాటు నుంచి.

మగవాళ్ళ మాటల్లోకి ఆమె వచ్చే మనిషి కాదు. వీరాస్వామి తలెత్తి చూశాడు.

"కాకపోతే ఒకటుంది చెల్లెమ్మా," అన్నాడు అప్పారావు. "నీకు రాసే షుగరు మందులు రాజమండ్రి రైల్వే ఆసుపత్రిలో తీసుకోవాలి. నెలకోసారి నువ్వే స్వయంగా వెళ్ళి..."

"వెళ్తానన్నయ్యా."

మాట పూర్తికాకముందే వచ్చిందా జవాబు. వీరాస్వామి కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"మాకు అక్కర్లేదండి," అన్నాడు. ఇక అప్పారావు ఎంత చెప్పినా అదే మాట.

రాజమండ్రి పేరు వింటే అతనికి మూడేళ్ళ నాటి ఆదివారం గుర్తుకొస్తుంది. లూథరన్ చర్చిలో పాస్టరుగారు పెళ్ళి ప్రకటన చదివారు. వధువు ప్రిస్కిల్లా. అభ్యంతరం ఉన్నవారు తెలియజేయాలని అడగడం ఆనవాయితీ. ఎవరూ లేవకపోవడమూ ఆనవాయితీయే. ఆ రోజు ఆడవాళ్ళ వరుసలోంచి తెల్లచీర ఒకటి లేచింది. "నాకుందండి," అంది ప్రిస్కిల్లా. పెళ్ళయ్యాక నర్సు ఉద్యోగం మానేయాలన్నారు వరుడి వాళ్ళు. సరేనని మాటిచ్చేశాడు వీరాస్వామి. ఆ సాయంత్రమే కూతురితో గడప తొక్కొద్దన్నాడు. తన మాట లేకుండా రాజమండ్రి రైలెక్కొద్దని భార్యతో అన్నాడు. బట్టల సంచితో పిల్ల రాజమండ్రి వెళ్ళి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం చూసుకుంది. తల్లి ఆ మాట దాటలేదు.

అప్పారావు వెళ్ళిపోయాక రూతు కాఫీ గ్లాసులు తీసింది.

"ఎప్పుడూ లేంది, ఏంటా తొందర?" అన్నాడు వీరాస్వామి. "ఇక్కడ కొన్న మందు పనిచెయ్యదా?"

"పనిచేస్తుందండి. నా తొందర మందుల కోసం కాదు."

"మరి?"

"ఆసుపత్రికి వెళ్ళినదాన్ని, ఎందుకెళ్ళావని ఎవరూ అడగరు. మీరు కూడా అడగరు. మందులు తీసుకుని, వచ్చే రైలుకి ఇంకా టైముంటే..." రూతు చీర చెంగు వేలికి చుట్టుకుంది. "దూరం నుంచైనా చూసొద్దామనుకున్నాను. చిక్కిందో, ఒళ్ళు చేసిందో. జడ వేసుకుంటోందో, ముడే పెడుతోందో. నాకు తెలీదండి. కన్నదాన్ని, నాకు తెలీదు."

"నా పరువు చర్చిలో నేలకి కొట్టింది."

"కొట్టింది. కాదనను." ఆమె గొంతు పెరగలేదు. "ఒక్కటి అడుగుతాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అవతలి నుంచి సరే అని రాకుండా ఎప్పుడైనా లీవరు ముట్టుకున్నారా?"

"ముట్టుకుంటే రైళ్ళు గుద్దుకోవూ?"

"దాని పెళ్ళికి దాన్ని అడిగారా?"

వీరాస్వామికి పెళ్ళిచూపుల రోజు గుర్తొచ్చింది, పెళ్ళివారు గుర్తొచ్చారు, తను ఊపిన తల గుర్తొచ్చింది. వంటింట్లో వాళ్ళకి కాఫీ కలుపుతున్న పిల్ల వీపు గుర్తొచ్చింది. ఆ పిల్ల ముఖం ఎంత వెతికినా గుర్తుకి రాలేదు. ఆ రోజు అటు చూడనే లేదు.

"రోజూ సాయంత్రం ప్యాసింజరు వేళకి మీరు ప్లాట్‌ఫారం మీదకి వెళ్తారు," అంది రూతు మెల్లగా. "రాజమండ్రి నుంచి దిగేవాళ్ళందర్నీ చూసి, పాత స్నేహితుల్ని కలిశానంటారు. ఎవర్ని కలిశారని నేనెప్పుడైనా అడిగానా?"

అతను తువ్వాలు తీసి ముఖం మీద వేసుకున్నాడు. రూతు పక్కనే కూర్చుంది. వాన నీళ్ళు చూరు నుంచి ఒక్కొక్క బొట్టే రాలుతున్నాయి.

"దాని ఫోను నంబరు ఉందా?" తువ్వాలు వెనక నుంచి వచ్చింది మాట.

"క్రిస్మస్ కార్డు మీద రాసింది. కార్డు మీరు చూస్తారని పెట్టెలో పెట్టేశాను. నంబరు నోటికొచ్చు."

"చెప్పు."

ఆమె చెప్పింది. అంకె అంకెకీ ఆగి, అతను తిరిగి చెప్పాడు.

ఇద్దరూ వీధి మలుపులోని ఎస్టీడీ బూత్‌కి నడిచారు. నర్సుల హాస్టల్లో ఎవరో ఎత్తి, పిలుస్తామన్నారు. గాజు తలుపు లోపల ఉక్కగా ఉంది. రూతు భర్త మోచేతిని పట్టుకుని నిలబడింది. అవతల చెప్పుల చప్పుడు దగ్గరైంది.

"హలో, ఎవరండీ?"

"ప్రిస్కిల్లా," అన్నాడు వీరాస్వామి. మూడేళ్ళు మూతపడ్డ పేరు, తుప్పు పట్టిన లీవరులా కదిలి వచ్చింది. "నాన్నని."

అతను రిసీవరుని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వైద్య పథకంలో చేరుతున్నాం. శుక్రవారం అమ్మని రాజమండ్రి ఆసుపత్రికి తీసుకొస్తున్నాను. పని అయ్యాక..." రూతు వైపు చూశాడు. "పని అయ్యాక నిన్ను చూడ్డానికి రావచ్చా అమ్మా? అడుగుతున్నాను. నువ్వు చెప్పాకే వస్తాం."

ఇనుప పట్టాల మీద దూరపు రైలు సడిలా, ముందు సన్నని వణుకు వినిపించింది. తర్వాత మాట వచ్చింది.

"రిపీట్ చేస్తున్నానండి." ఏడుపులోంచి చిన్నప్పటి గొంతు. "శుక్రవారం. అమ్మ, నాన్న. ఆసుపత్రి పని అయ్యాక నా దగ్గరికి." ముక్కు ఎగపీల్చింది. "సరిగ్గా చెప్పానా నాన్నా?"

ఇక్కడ 'సరే' అనాల్సింది అతనే. ఈసారి ఆ మాటని భార్యకి వదిలి, రిసీవరుని రూతు చెవి దగ్గర పెట్టాడు.

"సరేనమ్మా," అంది రూతు.