వెంకాయమ్మ వేసిన వాటాలు

ఎనభై ఆరు వేసవిలో ఒక పొద్దున, ముసునూరు తోటలో రాలిన కాయలు కూలీలకు పంచేసి వెంకాయమ్మ పెందలాడే ఇల్లు చేరింది. మంచీ మచ్చా కలిపి ఒకే కుప్ప పోసి వాటాలు వెయ్యడంలో ఆమెకు పేరు. ఒక వాటా మీద ఈగ వాలితే, పక్క వాటా మీద ఇంకో ఈగ వాలేదాకా ఎవరూ కాయ ముట్టరట. ఈగలు కూడా ఆమె మాట వినేవని తోటలో చెప్పుకునేవారు.

చిన్నకొడుకు భాస్కరరావు మజ్జిగ తాగుదామని వెనకే వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. తల్లి రెండు సీసాల మాత్రలు చాటలో కుమ్మరించి, కలిపి, మళ్లీ సీసాల్లోకి సర్దుతోంది.

ఒకటి అతనిది, ఒకటి అన్న సాంబయ్యది. మెదడులో రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు వాళ్ల వంశంలోనే ఉంది. తాతా, తండ్రీ దాంతోనే పోయారు. సాంబయ్యకు ఎడమచెయ్యి అప్పుడే స్వాధీనం తప్పింది. కొత్తమందు పరీక్షిస్తున్న బెజవాడ డాక్టరు ఉమాపతి ముందే చెప్పాడు: కొందరికి మందు, కొందరికి ఉత్త పిండిమాత్ర. ఎవరికేదో తనకూ తెలియదు. ఎవరివి వాళ్లే మింగాలి.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇది?"

"మొదటి నెల నుంచీ."

"నాకు తలనొప్పి తగ్గుతోంది. నాదే అసలు మందేమో. నాతో ఒక్క మాటైనా అనకుండా సగం అన్నకి పోశావా?"

"వాడిదే మందేమోరా. అప్పుడు నిన్ను పిండి మింగమని వదిలెయ్యనా?"

"నా ప్రాణం వాటాలేశావు. పరాయివాడైతే చొక్కా పట్టుకునేవాణ్ణి. నిన్నేం చెయ్యను?"

మంచం మీంచి సాంబయ్య లేచాడు. "నాకూ చెప్పలేదురా. పద, డాక్టరుగారికి చెప్పేద్దాం."

"చెబితే ఇద్దర్నీ తీసేస్తాడు," అన్నాడు భాస్కరరావు.

"చెప్పకపోతే మనల్ని చూసి ఆయన తప్పు రాసుకుంటాడు. రేపు నీ ఆడపిల్లలకి ఈ జబ్బు బయటపడితే, ఆ తప్పు మందే వాళ్లకీ ఇస్తారు."

ప్రతి మామిడిచెట్టునీ పలకరిస్తే గానీ కదలని బస్సది. భాస్కరరావు తల్లికి దూరంగా కూర్చున్నాడు. నూజివీడు దాటాక ఇంటి దగ్గరి పిల్లలు గుర్తొచ్చారు. అతనికీ ఇద్దరు కూతుళ్లు. తనే అయితే ఎవరికి పిండిమాత్ర ఇవ్వగలడు? బెజవాడ వచ్చినా తేలలేదు.

ఉమాపతి అంతా విని అన్నదమ్ముల వివరాలు రాసుకున్న రెండు కాగితాల మీద అడ్డంగా గీత కొట్టాడు.

"ఇక మీకు ఇవ్వలేనయ్యా. ఇంతకీ ఎవరు కలిపారు?"

వెంకాయమ్మ లేవబోయింది. భాస్కరరావు ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ముగ్గురం కలిసే చేశామండీ," అన్నాడు.

పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న వెంకాయమ్మ అప్పుడు ఏడ్చింది.