లైటు వెలిగే దాకా

ఇసుకలో పరుగు... అడుగు పడదు, ఊపిరి అందదు!

శ్యామసుందర్ వెనక్కి చూడడు. ఈ సరుగుడు తోట దాటితే గోపాల్‌పూర్ బజారు. అక్కడ మనుషులుంటారు.

దబ్!

మోకాలి వెనక కర్ర దెబ్బ. బోర్లా పడతాడు. నోటి నిండా ఇసుక, నెత్తురు.

కాసులు అతన్ని జుట్టు పట్టి పాడుబడ్డ గోదాములోకి ఈడ్చుకుపోతాడు. బరంపురం సావుకారు కూర్మారావు కిరాయికి పెట్టిన మనిషి.

"బేరం రద్దని సంతకం ఎట్టు బాబూ."

రెండు నెలల కిందటి బేరం. ఐదొందల బస్తాల నువ్వులు, బస్తా ఎనిమిది రూపాయలు, వాయిదా మీద. చేతిలో గింజ లేకుండానే శ్యామసుందర్‌కి అమ్మేశాడు కూర్మారావు. ధర పడ్డాక చవగ్గా కొని ఇచ్చేయొచ్చని ఆశ. ఇంతలో జర్మనీవాడు యుద్ధం మొదలెట్టాడు. బస్తా పదమూడు!

వాయిదా ఇవాళ లైట్‌హౌస్ దీపం వెలిగే దాకానే. ఆ తర్వాత పెట్టే రద్దు సంతకం చెల్లదని కాగితంలో రాసుకున్నారు. ఆలోపు రద్దు కాకపోతే కూర్మారావు కొంప మునిగినట్టే.

"ఎట్టను."

ఎడమచేతి చిటికెన వేలు... ఫట్!

కుడిచెయ్యి జోలికి మాత్రం పోడు కాసులు. సంతకం చేయాల్సింది దానితోనే మరి.

"నీకెంతిత్తన్నాడు?" పళ్ల బిగువున అడుగుతాడు శ్యామసుందర్.

"యాభై."

"ఆడికి మిగిలేది రెండున్నర వేలు. నీకు యాభయ్యా? ఎర్రోడా! సరుకు నీ సేతిలో ఉంది, నా సంతకం. ఇప్పుడే అమ్మేత్తే యాభయ్యే. పొద్దు వాలిన కొద్దీ ఆడికి గాబరా, నీకు ధర. ఆగు!"

కాసులు రెండో వేలు పట్టుకుని... ఆగాడు.

బయట కారు చప్పుడు. కూర్మారావు! చేతిలో పిస్తోలు.

"ఇంకా అవలేదేట్రా?"

"ఐదొందలు, బాబూ."

"ఏటి?!"

"నా ధర."

చెంప ఛెళ్ళుమంటుంది. కాసులు కదలడు.

"వందిత్తాను!"

ఎండ ఎర్రబడుతోంది.

"రెండొందలు!"

కాసులు చూపు శ్యామసుందర్ మీదికి. శ్యామసుందర్ కనీ కనపడకుండా తల అడ్డంగా ఊపుతాడు. ఇంకొంచెం... ఇంకొంచెం!

చీకటి పడుతోంది.

"ఐదొందలూ ఇత్తాన్రా, శలా, ఎదవా! రాయించు!"

కలం చేతిలో కుక్కుతాడు కాసులు. శ్యామసుందర్ జారవిడుస్తాడు. కాసులు తడుముతాడు. దొరికింది! పాళీ కాగితం మీద ఆనింది...

విరిగిన కిటికీలోంచి తెల్లటి వెలుగు. గోడ మీదుగా పోయింది.

లైట్‌హౌస్!

శ్యామసుందర్‌కి నవ్వొచ్చింది. గెలిచాడు!

"ఆ సంతకం ఇంకెందుకూ పనికిరాదు, కూర్మారావుగారూ. రేపు పొద్దున్న సరుకు తోలండి."

కూర్మారావు కాగితం నలిపి పారేశాడు.

కాసులుకి మెల్లగా అర్థమైంది. ఐదొందలు పోయాయి. యాభై కూడా పోయింది!

వంగి, శ్యామసుందర్ కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఇంతసేపూ ముట్టుకోని చెయ్యి.

నవ్వు ఆగిపోయింది.

ఇందాకటి దాకా తను బతికుండాలి, ఆ సంతకం కోసం. ఇప్పుడు తనతో ఎవరికీ పని లేదు. అందరి ధరా చూశాడు, తన ధర చూసుకోలేదు!

ఫట్!

కేక పూర్తి కాకముందే పిస్తోలు లేచింది.

"ఆగండి... ధర మాటాడుకుందాం, కూర్మారావుగారూ..."

"వాయిదా అయిపోనాది."

ఢాం!